సముద్రానికి తూము

లింగన్నా,

నిన్న పొద్దుగాల మన ఊరు నీళ్లలో నుంచి బయటపడ్డది. సాగర్ ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఇండ్లు, ఈ ఎండలకు తూములు ఎత్తేసరికి నీళ్లు దిగి మొండిగోడలతో తేలినయి. ఇప్పుడు ఎల్లారెడ్డిల ఉంటున్న మీ అవ్వను బండిలో తీసుకపోయిన.

బురదలో మీ గడప దొరికింది. అవ్వ చీపురు అడిగింది.

"ఎవరొస్తరని ఊడుస్తున్నవవ్వా?"

"ఇల్లన్నంక ఊడ్వాలె గద. ఇది గూడ పత్రికల రాస్తవా ఏంది?"

అప్పుడు నీ నవల యాదికొచ్చింది. సముద్రపొడ్డున దయ్యాలు తిరిగే చిన్న ఊరు. తూము ఎత్తిననాడు చచ్చినోళ్లు వచ్చి తమ వాకిళ్లు ఊడ్చుకుంటరని రాసినవు. కామారెడ్డి రైలు స్టేషన్‌లో నువ్వు అది అచ్చుకిస్తే నేను నవ్విన. "సముద్రానికి తూము ఎక్కడిదన్నా? ఎన్నడన్న చూసినవా?" అని కాయితాలు తిరిగిచ్చిన.

"చూసిన" అన్నవు.

ఎక్కడ అని నేను అడుగలేదు. అడుగుడే నా పని. ఆ వానకాలమే నువ్వు జ్వరంతో పోయినవు.

కాయితాలు అవ్వ దగ్గర అడిగి తెచ్చుకున్న. వానలు పడితే ఊరు మళ్లీ మునుగుతది. అంతకు ముందే, వచ్చే శుక్రవారం, నీ మొదటి ప్రకరణం మా పత్రికలో అచ్చుకు పోతది, తూముతోనే.