ముప్పయ్యా, పాయ్‌తూనా?

కాషాన్, మెహర్ నెల 4

నా కంటి వెలుగు షీదాకి,

అత్తయ్య ఖావర్ నీ నుదురు ముద్దాడి రాసేది. ఇక్కడ అందరం కులాసాయే, నా గొంతు తప్ప.

గొంతులో ముడుల్లాంటివి పడ్డాయన్నాడు డాక్టరు. నలభై ఏళ్ళు తివాచీ ముడులు లెక్కపెట్టినదాన్ని కదా, ఎన్ని అని అడగబోయాను. ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు నెలలు మాట్లాడకూడదట. గుసగుస కూడా పనికిరాదట. మీ నాన్న ఈ కబురు విని, ఇన్నాళ్ళకి కాషాన్ ప్రశాంతంగా ఉంది అన్నాడట. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో రాయమంటావేమో, నేను వేలు ఒక్కసారి ఆనిస్తే నాలుగు అక్షరాలు పడతాయి. టెహ్రాన్ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నీకు తెలియంది కాదు, మన ఇంట్లో నమూనా కాగితం మీద ఉండదు. ఏ రంగు ముడి ఎన్ని వెయ్యాలో నేను పాటగా చెప్తాను. తూబా, ఇస్మత్ మగ్గం ముందు కూర్చుని విన్నది విన్నట్టు ముడి వేస్తారు. ఇప్పుడు మగ్గం మీదున్నది మీ నాయనమ్మ చెప్పిన నమూనా. అది మొత్తం ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. రెండు పిట్టలు మెడల దాకా వచ్చాయి, తలలు నా గొంతులో ఆగిపోయాయి. రేపు నా గొంతు తిరిగి రాకపోతే మా అమ్మ నమూనా నాతోనే పోతుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే.

రాసి ఇస్తానన్నాను. కళ్ళు దారం మీద పెట్టమంటావా కాగితం మీద పెట్టమంటావా అంది తూబా. అసలు ఇద్దరికీ చదువు రాదు. పక్కింటావిడ రెండు పూటలు చదివి పెట్టి, ఈ పనికి గాడిద కూడా ఒప్పుకోదని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

చివరికి నా బదులు పాట చెప్పే మనిషి దొరికాడనే అనుకో. అలుపు లేదు, విసుగు లేదు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. కాకపోతే ఆయనకి మన భాష రాదు. ఆయన భాష నేను నేర్చుకోవాలి. పేట సాంస్కృతిక కేంద్రంలో కొత్తవాళ్ళకి క్లాసు పెట్టారు. అక్కడ చూస్తే ఒకటి కాదు, పది భాషలున్నాయి. భాషలు చెప్పి బతికేదానివి నువ్వు. నా వయసుదానికి ఏది మంచిదో చెప్పు.

నీ అత్తయ్య,
ఖావర్

తా.క. మీ నాన్నకి చెప్పకు. బజారంతా చెప్పేస్తాడు, నేను ఖండించడానికి గొంతు లేదు.


టెహ్రాన్, మెహర్ 9

గౌరవనీయులైన అత్తయ్యకి,

మీ చేతులు కళ్ళకద్దుకుని షీదా రాసేది. గొంతు సంగతి చదివి ఏడ్చాను. ఆ తర్వాత మిగతాది చదివి ఏడుపు మర్చిపోయాను.

ఎవరాయన? నా జర్మన్ క్లాసులో పద్దెనిమిది మంది ఉన్నారు. పద్దెనిమిది మందీ పెట్టె సర్దుకుని మరీ పాఠానికి వస్తారు. ఈ దేశంలో ఊరికే భాష నేర్చుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. హాంబుర్గ్‌లో గిడ్డంగి ఉన్న ఆ తివాచీల వర్తకుడేనా? భార్య పోయినప్పటి నుంచి కాషాన్ వచ్చినప్పుడల్లా మన ఇంట్లో టీ తాగి వెళ్ళేవాడు, నేను అప్పుడే అనుకున్నాను.

నేను అడ్డు చెప్పను అత్తయ్యా. మావయ్య పోయి పదహారేళ్ళయింది. మీకూ ఒక తోడు ఉండాలి. కానీ ఆయన ఎలాంటివాడు, ఎక్కడివాడు, కోపం ఉందా, ఇవన్నీ రాయండి. జర్మన్ మొదటి పుస్తకం పంపుతున్నాను, మొదటి మూడు పాఠాలు చదవండి.

మీ షీదా

తా.క. గొంతుకి బెహ్ పండు గింజలు నానబెట్టిన నీళ్ళు తాగండి. ఆయన ముందు తాగకండి, జిగురుగా ఉంటాయి, చూడ్డానికి బాగోదు.


కాషాన్, మెహర్ 17

నా కంటి వెలుగు షీదాకి,

అత్తయ్య దీవెనలు. నీ పుస్తకం అందింది. మొదటి పేజీలో ఒకావిడ తన పేరు చెప్పుకుంటోంది. చివరి పేజీలో కూడా ఇంకా రైలు టికెట్ కొంటూనే ఉంది. ఇది పెట్టుకుని నేను తివాచీ ఎలా చెప్పను? రంగులున్న పాఠం ఒక్కటి మాత్రం బాగుంది. తోడు సంగతి ఏదో రాశావు, అర్థం కాలేదు. పగలంతా తూబా, ఇస్మత్ నా పక్కనే ఉంటారు కదా.

ఆయన గురించి అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఎక్కడివాడంటే, వీపు మీద చైనా అని రాసి ఉంది. కోపం లేదు కానీ మొండి. చిన్న చుక్క మర్చిపోతే చాలు, పని ఆపేసి ఎర్రక్షరాలతో నా తప్పు ఎత్తి చూపుతాడు. మీ మావయ్య నా వంటలో ఎన్ని తప్పులున్నా తినేసి ఊరుకునేవాడు. ఎక్కువసేపు పని చేయిస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, అప్పుడు టీచరు విసనకర్రతో విసురుతుంది.

నా అవస్థ అంతా ఎంచుకోవడంలోనే ఉంది. క్లాసులో అందరూ ముప్పై, ముప్పై అంటున్నారు. చాలా గట్టివాడట, ఎంత బరువైనా మోస్తాడట. నాకూ మనసు అటే లాగింది. టీచరు మాత్రం, ఖావర్ ఖానుమ్, మీ వయసుకి ముప్పై కష్టం, పాయ్‌తూన్‌తో మొదలుపెట్టండి అంటుంది. పాయ్‌తూన్ ఏమిటి షీదా, మన భాషలో ఆ మాటకి స్నానాల హమాం పొయ్యి పక్కన అనే కదా అర్థం? మా చిన్నప్పుడు ఆ పొయ్యి పక్కన పడుకునేవాళ్ళు ఎవరో నీకు తెలీదు. పనీపాటా లేనివాళ్ళు, మసి బట్టలవాళ్ళు. అలాంటి పేరున్నదాన్ని మా అమ్మ నమూనా దగ్గరికి రానిస్తానా? ముప్పయ్యా, పాయ్‌తూనా, నువ్వే తేల్చు. నువ్వు ఏదంటే అదే.

పొద్దున తూబా మగ్గం ముందు ఖాళీగా కూర్చుని దువ్వెన పళ్ళు లెక్కపెట్టుకుంటోంది. అది చూడలేక లోపలికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ అత్తయ్య,
ఖావర్

తా.క. క్లాసు అయ్యాక ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళమంటున్నారు. మంచం పక్కన పెట్టుకుందామనుకుంటున్నాను, అక్కడే కరెంటు ప్లగ్గు ఉంది.


టెహ్రాన్, మెహర్ 21

గౌరవనీయులైన అత్తయ్యకి,

మీ చేతులు పట్టుకుని, వదలకుండా గట్టిగా పట్టుకుని షీదా రాసేది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చైనా మనిషి, సరే. వీపు మీద పచ్చబొట్టు, అది మీరు ఎప్పుడు చూశారో నేను అడగను. కానీ ముప్పై ఏళ్ళేమిటి అత్తయ్యా? నాకు ముప్పై ఒకటి. రేపు నేను ఆయన్ని మావయ్యా అని పిలవాలా? అది చాలదన్నట్టు హమాం పొయ్యి పక్కన పడుకునేవాడు ఇంకొకడు. ఇద్దరిలో ఎవరో నన్నే తేల్చమంటున్నారు. ఆ టీచరు టీచరేనా, పెళ్ళిళ్ళ పేరయ్యా? ఒళ్ళు వేడెక్కితే ఆవిడ విసరడం ఏమిటి?

మంచం పక్కన ప్లగ్గు సంగతి మాత్రం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. జబ్బు మనిషా?

నాన్నకి చెప్పక తప్పలేదు. విన్న వెంటనే ఇస్త్రీ చొక్కా తీసుకున్నాడు. శుక్రవారం ఇద్దరం వస్తున్నాం. అప్పటిదాకా ఎక్కడా సంతకం పెట్టకండి.

మీ షీదా

తా.క. ముప్పై వద్దు. పాయ్‌తూన్ కూడా వద్దు. నన్ను అడిగారు కాబట్టి చెప్తున్నాను, నేను రాకముందు ఎవరూ వద్దు.


కాషాన్, మెహర్ 23

నా కంటి వెలుగు, నా పిచ్చి తల్లి షీదాకి,

అత్తయ్య నీ రెండు బుగ్గలూ పుణికి రాసేది. నీ ఉత్తరం చదివి నవ్వకూడదని నోట్లో కొంగు కుక్కుకున్నాను. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కానీ నవ్వు గురించి ఏమీ చెప్పలేదు.

అది కంప్యూటరు షీదా. కంప్యూటరు. ఉత్తరంలో ఒక్కసారైనా ఆ మాట రాశాననే అనుకున్నాను. వయసు మీద పడుతోంది. ముప్పై అంటే మన సీ, ముప్పైని ఫార్సీలో సీ అనమూ? ఆ భాష పేరూ సీ యే. అది ఇంగ్లీషు అక్షరమట, మొన్ననే తెలిసింది. అప్పటిదాకా ఇవి ముప్పయ్యో నంబరు భాష దాకా వచ్చాయి, మరి ఒకటోది ఎవరూ నేర్పరేమిటి అని మథనపడ్డాను.

నీ జవాబు కోసం ఆగలేక పాయ్‌తూన్‌నే పట్టుకున్నాను. అదీ కంప్యూటరు భాషే, ఇంగ్లీషులో పైథాన్ అంటారట. పేరు చూసి తప్పు పట్టాను కానీ మంచిది. ఒక వరస కాస్త లోపలికి జరిపి రాస్తే అది పై వరసకి చెందుతుంది. జరపడం తప్పితే ఒప్పుకోదు. మగ్గం దగ్గర మనకి కొత్తేం కాదు. ఇంకోటి, ఇదే ఏడుసార్లు అని ఒక్కసారి రాస్తే అదే ఏడుసార్లు చెప్తుంది. నేను నలభై ఏళ్ళు ఆ ఏడుసార్లూ నోటితో చెప్పాను. ఎవరూ నాకీ సంగతి చెప్పలేదు. నిన్నటికి నమూనా అంతా ఎక్కించేశాను, పిట్టల తలలతో సహా. టీచరు నా చెయ్యి ముద్దు పెట్టుకుంది.

ఇంక అసలు మాట. నిన్ననే డాక్టరు మళ్ళీ చూశాడు. గడువు దాకా ఆగక్కర్లేదన్నాడు. మాట వస్తుందట, నెమ్మదిగా, పక్కనున్నవాళ్ళకి వినపడేంత. పాట మాత్రం రాదట. బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. నీకు దాచను.

నమూనా పోలేదు, అది చాలు అనుకుని ఈ పొద్దున కంప్యూటరు చేత చెప్పించాం. దానికి ఒక గొంతు ఉంది, రేడియో వార్తల గొంతు. ముదురు నీలం రెండు, దానిమ్మ ఎరుపు నాలుగు అంటుంటే ఇస్మత్ చెయ్యి ఆపేసి, ఎంతమంది పోయారట అని అడిగింది. తూబా నవ్వి నవ్వి మూడు ముడులు తప్పు వేసింది. ఆ గొంతుకి ముడి పడదు షీదా. పాటకి చెయ్యి కదలాలి.

టీచరు చెప్పింది, మనిషి పాడి ఇస్తే ఆ మాటల్నే ఇది అతుకుతుందట. పది అంకెలు, తొమ్మిది రంగులు, పక్కకి, దాటు, మళ్ళీ, అదే. మొత్తం ఇరవై మూడు మాటలు. నీకు పాట రాదని అనకు. నీ గొంతు ముక్కు పక్కనుంచి వస్తుంది, అది మీ నాయనమ్మ గొంతు. నీ చిన్నప్పుడు నువ్వు ఏడుస్తుంటే నాకు మా అమ్మ విసుక్కుంటున్నట్టే ఉండేది. శుక్రవారం తప్పకుండా రా. పరుపుల గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తాం, బయటి చప్పుడు రాదట. మీ నాన్నకి ఆ ఇస్త్రీ చొక్కా వేసి తీసుకురా, నా తప్పులు దిద్దడానికి వచ్చినవాడికి టీ అయినా ఇస్తాను.

నీ అత్తయ్య,
ఖావర్

తా.క. ఇంకో మాట ఉంది, ఇరవై నాలుగోది. వరస పూర్తవగానే ఏదో ఒకటి పిలవాలి, అది విని నేతవాళ్ళు ముడులు బిగించే దువ్వెన దించుతారు. ఎవరి పిలుపు వారిది. మీ నాయనమ్మ నా పేరు పిలిచేది. నేను నలభై ఏళ్ళూ అమ్మా అని పిలిచాను. నువ్వు అత్తయ్యా అని పిలువు. రోజుకి పన్నెండు వరసలు పడతాయి. పలకడానికి గొంతు లేకపోయినా, పన్నెండుసార్లూ నీ వైపు తల తిప్పుతాను.