దేవుని గదిలో ఉండిపోయిన కవరు

ఆళ్లగడ్డ, 1958, ఆషాఢం, శుక్రవారం రాత్రి

ఈ రోజుతో మైల తీరింది. ఇల్లు కడిగించి దేవుని గది తలుపు తీశాను. చెల్లెలు రుక్మిణి పేర మద్రాసు నుంచి మా ఇంటికి వచ్చిన కవరు నేను పెట్టినచోటే, పటం ముందు ఉంది.

అది వచ్చిన మధ్యాహ్నమే చిన్నమామ పోయారు. పది రోజులు ఆ గడప ఎవరమూ తొక్కలేదు. మంచి కాగితాన్ని మైల చేతులతో ముట్టకూడదనుకున్నాను. నంద్యాల ఆసుపత్రి ఆఫీసులో పనిచేసే రుక్మిణికి చావు కబురు పంపాను గానీ కవరు మాట చెప్పలేదు.

ఈ రోజు పదకొండో రోజు భోజనాలకని వచ్చిన రుక్మిణి దాన్ని నిలబడే చదివింది.

"సీటొచ్చిందక్కా. ఆసుపత్రులు నడిపే పై చదువు, నేనడిగిందే."

నేను చేతులు జోడించాను.

"దండం తర్వాత పెట్టుకుందువులే. మొన్న సోమవారం లోపల చేరాలంట. వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది."

"ఇంగ్లీషు నాకు యాడొస్తుంది మే? మంచిదని ఆడ పెట్టినా."

"ఒక్క మాట చెప్పింటే నేనే లోపలికి పోయి తీస్కుందును కదా! దేవుడేమన్నా కొడ్తాడా?"

అంతలోనే నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేక్కా, ఆసుపత్రికొచ్చే రోగులకు ఆ ఓపీ చీట్లు రాసేదానికి నేను తప్ప దిక్కెవరుండారు?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆకు ముందు కూర్చుని, రెండు ముద్దలు కలిపి, తినకుండానే లేచి సాయంత్రం బస్సుకు పోయింది.

దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. మూడేళ్లుగా దానికి ఆ సీటు ఇమ్మని రోజూ అడిగాను.

స్వామి ఇచ్చాడు. అందనివ్వనిది నేనే.