బాగున్నానన్న మాట మీద అప్పీలు

అత్తయ్యకు నమస్కారం.

బాగున్నానంటున్న మనిషిని బాగాలేడని నిరూపించడం నా పనేనా? మీ అబ్బాయి సైన్యం నుంచి వచ్చినప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. అప్పీలు మాత్రం నెగ్గాం. మనసు జబ్బుకు ముప్ఫై శాతమే వైకల్యం ఇచ్చిన సైనిక వైద్య బోర్డు ఇప్పుడు డెబ్బై చేసింది. పింఛను పెరుగుతుంది, మందులూ వాళ్ళే ఇస్తారు. అంతా మీ చలవే. బోర్డులో డాక్టరమ్మ "ఎలా ఉన్నారు?" అనగానే ఈయన మొదటిసారిలాగే మళ్ళీ నిటారుగా లేచి నిలబడి "బాగున్నాను మేడమ్" అన్నారు. మీరు నేర్పినట్టే అందుకున్నాను. "ఒళ్ళు కాలే జ్వరంలోనూ అదే అంటారట, వాళ్ళమ్మగారి మాట. నన్నడగండి" అన్నాను. ఆవిడ నవ్వి నావైపు తిరిగారు. గుమ్మానికెదురుగా కుర్చీలో కూర్చునే నిద్రపోతారని, పక్కింటి తలుపు దభాలుమంటే నన్ను గోడవారకు లాగేస్తారని, అన్నీ చెప్పేశాను.

మీ మోకాలికి నూనె రాస్తున్నారా? ఎవరైనా ఇటు వస్తుంటే ఈయన పాత ఉన్ని కోటు పంపండి. మరిదిగారి పిల్లలకు ముద్దులు.

మెట్లు దిగుతూ ఈయన "అయితే నేనింకా నూటికి ముప్ఫై వంతులు మిగిలానన్నమాట" అన్నారు. ఇద్దరం నవ్వాం. పరాయివాళ్ళ ముందు అంతా చెప్పి ఆయనకు మేలు చేశానో, ఆయన్ని చిన్నబుచ్చానో నాకింకా తెలియడం లేదు.

మీ దీవెనలు కోరే
కోడలు