పొట్టి వడ్ల ఆసామి

18 జనవరి 1967

కోటలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. గ్రామసేవక్ జయకుమార్ సైకిలు పట్టుకోని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, నా వెనక ఇంకెవరన్నా దిగుతారేమోనని బస్సులోకి తొంగి చూసినాడు. అగ్రికల్చర్ కాలేజీ స్టూడెంటు అంటే మగపిల్లవాడు అనుకున్నాడంట. ఆర్డరులో ఇందిర అని ఉంటే టైపు తప్పనుకున్నాడంట. ట్రంకుపెట్టె సైకిలు మీద పెట్టుకోని ఇద్దరం ఊరిదాకా నడిచినాం.

ఫైనలియర్‌లో మాకు ఎక్స్‌టెన్షన్, జర్నలిజం అని కొత్త సబ్జెక్టు పెట్టినారు. ఫీల్డ్ వర్కు అయ్యేలోగా ఒక ఆదర్శ రైతు మీద వ్యాసం రాయాలి. బాగుంటే మా కాలేజీ వేసే ‘పైరు’ పత్రికలో అచ్చేస్తారు. అది జిల్లాలో అన్ని సమితి ఆఫీసులకూ పంచాయతీలకూ పోతుంది.

రైతును బ్లాకు ఆఫీసు వాళ్ళే చూసిపెట్టినారు. పద్మనాభయ్య గారు. ఈ చుట్టుపక్కల తైచుంగ్ అనే కొత్త పొట్టి వడ్లు మొదట తెచ్చింది ఆయనే. ఇంకేముంది, పోయి నాలుగు ప్రశ్నలు అడిగితే పనైపోతుంది.

19 జనవరి

ఆడపిల్లనని నన్ను ఆయన మరదలి దగ్గర పెట్టినారు. ఆయన చనిపోయిన తమ్ముడి భార్య. పేరు వెంకటశేషమ్మ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. పిల్లల్లేరు. పెద్దింటి వెనక చిన్న ఇల్లు, వేరు పొయ్యి. పొలం మాత్రం ఉమ్మడిదే, పంచుకోలేదు.

పెద్దగా మాట్లాడదు. సంగం దగ్గర మాదీ సేద్యమే అని చెప్తే ఒకసారి తలెత్తి చూసింది. ఏ కాలువ కింద అని అడిగింది. అంతే.

24 జనవరి

పద్మనాభయ్య గారు కాఫీ ఇస్తారు. ప్రశ్నలకు జవాబు మాత్రం ఇవ్వరు.

27 జనవరి

యూరియా ఎప్పుడు చల్లినారని అడిగితే, నాట్లేసినాక అన్నారు. ఎన్నాళ్ళకు అంటే, వేయాల్సినప్పుడు అన్నారు. దాచిపెడుతున్నారని అనుమానం వచ్చింది. పాపం, ఆయనకు తెలియదు. సాయంత్రం చేను చూద్దామని నేనే పోతే, గట్టు మీద వెంకటశేషమ్మక్క. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, పారతో నీళ్ళకు మడవ కడతా ఉంది.

నన్ను చూసి సిగ్గుపడలేదు. పార గట్టుకు ఆనించి, కూర్చోమనింది. అప్పుడు చెప్పింది. బ్లాకు వాళ్ళు బలవంతం చేస్తే వాళ్ళ బావ విత్తనాల మూట ఇంటికి తెచ్చినాడు గానీ, వేయడానికి ధైర్యం చాలలేదంట. పొట్టి పైరు, గడ్డి రాదు, గొడ్లు పస్తులుండాలి, అన్నం మొద్దుగా ఉంటుంది అని ఊరంతా అనింది. మొలగొలుకుల సన్నబియ్యం పండే నేలలో ఇదేం విత్తనమని నవ్వినారు. చివరికి ఉప్పుగాలి కొట్టే మూల రెండెకరాలు చూపించి, మరదలిని వేసుకోమన్నాడంట. పోతే ఆ మూలే పోతుందని.

నారు పోసింది ఆమె. ఎరువు వాసనకు కూలీలు దగ్గరికి రాకపోతే ముక్కుకు గుడ్డ కట్టుకోని చల్లింది ఆమె. ఇప్పుడు పైరు దుబ్బు కట్టి, చెయ్యి పెడితే సందులేనట్టు ఉంది.

మరి నేను అడిగిందంతా పెద్దాయననా!

7 ఫిబ్రవరి

ఊరి మీదుగా ఎలెక్షన్ జీపులు. ఒకదాని వెనకే బ్లాకు జీపు కూడా వచ్చింది, గూడూరు నుంచి ఫోటోగ్రాఫరును తీసుకోని. పద్మనాభయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకోని చేలోకి దిగి, ఒక కంకి చేత్తో పట్టుకోని నిలబడినారు. కంకిని ఎట్ల పట్టుకోవాలో ఆయనకు తెలుసు, రైతే గదా. ఆయన్ను ఎగతాళి చెయ్యడానికి నాకు మనసు రాలేదు.

వెనక గట్టు మీద వెంకటశేషమ్మక్క గడ్డిమోపుతో వస్తా ఉంది. ఫోటోలో పడుతుంది, కొంచెం పక్కకు పొమ్మన్నాడు ఫోటోగ్రాఫరు. పక్కకు పోయింది.

12 ఫిబ్రవరి, ఉదయం

వ్యాసం అయిపోయింది. హెడింగ్: ‘పొట్టి వడ్ల ఆసామి వెంకటశేషమ్మ’. ఒక్క ఊపున రాసినా. చదువుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది. రేపు గూడూరులో రైలెక్కి కాలేజీకి పోయి మాస్టారి చేతిలో పెడతా.

14 ఫిబ్రవరి

కామాక్షయ్య గారు మా జర్నలిజం మాస్టారు, పత్రిక ఎడిటరు కూడా. కళ్ళద్దాలు పైకి తోసుకోని రెండుసార్లు చదివినారు. బాగుందనే అన్నారు. తర్వాత, ఈ పేరు అచ్చులో వేస్తామని ఆమెకు చెప్పినావా అని అడిగినారు.

చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు.

అచ్చయినాక నువ్వు హాస్టల్లో ఉంటావు, ఆమె ఆ ఇంటి వెనకే ఉంటుంది అన్నారు. వ్యాసం తిరిగి చేతికిచ్చినారు.

రైల్లో అంతసేపూ కోపం. మొదట ఆయన మీద. గూడూరు వచ్చేసరికి నా మీద.

16 ఫిబ్రవరి

అడిగినా. వద్దనింది.

17 ఫిబ్రవరి

ఎందుకు వద్దో ఈరోజు చెప్పింది, పిడకలు తడతా. బావ అంటే మొగుడి తరఫు పెద్ద. మంచికీ చెడ్డకీ ఆ గడపే. ఆయన ఫోటో దిగినాక నా పేరు అచ్చులో పడితే నలుగురిలో ఆయన తల ఎత్తుకోలేడు, ఆ తర్వాత నేను ఎత్తుకోలేను అనింది. పేరుదేముంది, గింజలు గాదెలోకి వస్తే చాలనింది.

హెడింగ్ కొట్టేసినా. ఇంకో పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

5 మార్చి

కోతలు, నూర్పిళ్ళు. రాయడానికి తీరిక లేదు. నా చేతులు కూడా దురద.

6 మార్చి

కళ్ళంలో రాశి చూసి ఊరు నోరు మూసుకునింది. మంచి నేలలో మొలగొలుకులు ఎన్నడూ రానంత, ఆ ఉప్పుగాలి మూలలో వచ్చింది. నవ్వినవాళ్ళే విత్తనాలకు గుడ్డసంచులతో వచ్చినారు.

పద్మనాభయ్య గారు సంతోషంగా అందరికీ చెప్తా ఉన్నారు. వచ్చే ఏడు పొలమంతా తైచుంగే, ఆ మూల రెండెకరాలతో సహా మా పెద్దోడు చూసుకుంటాడు అని. ఇంక మరదలికి ఎండలో ఆ కష్టం ఎందుకు, ఇంటిపట్టున ఉంటుందిలే అని. నిజంగా మంచిమాట చెప్తున్నట్టే చెప్పినారు.

వెంకటశేషమ్మక్క చేటతో తూర్పారబడతా ఉంది. చెయ్యి ఆగలేదు.

7 మార్చి, తెల్లవారి

నేను పళ్ళు తోముకుంటా ఉంటే వచ్చి నిలబడింది. ఆ రాసింది చదవమనింది. చదివినా. మొదటిసారి మొత్తం వినింది. నాట్ల దగ్గర ఒకచోట తప్పు దిద్దింది.

“నా పేరు వెయ్యి పాపా. కడాకు ఇంకో మాట రాయి. వచ్చే ఏడు గూడా ఆ మూల నేనే వేస్తానని.”

రాసినా. రాసి, పెద్దాయనకు చదివి వినిపించకుండా పంపించనని చెప్పినా. కామాక్షయ్య గారు నేర్పింది అదొక్కటి. ఆమె భయపడుతుందనుకుంటే, పద అనింది.

అదే రోజు, పది గంటలకు

ఆయన అరుగు మీద మోకాళ్ళకు నూనె రాసుకుంటా ఉన్నారు. ఆమె తలుపు వెనక నిలబడింది. బావగారి ఎదుటికి వచ్చి మాట్లాడడం ఆ ఇంట్లో లేదు. మాట ఏదన్నా ఉంటే తోడికోడలి చేతే చెప్పించేది.

నేను చదివినా. తన పేరు రాలేదని ఆయనకు సగంలోనే అర్థమయింది. ఆపమనలేదు. చివర ఆమె రాయించిన కడా మాట దగ్గర నూనె రాసే చెయ్యి ఆగింది.

ఇది ఎవరెవరు చదువుతారని అడిగినారు. జిల్లా అంతా అన్నా. మన ఊళ్ళో అని అడిగినారు. పంచాయతీ ఆఫీసులో గట్టిగా చదువుతారు అన్నా. తర్వాత నా వైపు చూస్తానే, ఆ కడా మాట ఆమె చెప్పిందేనా, నువ్వు కల్పించిందా, ఆమెనడుగు అన్నారు.

నేను అడగక ముందే తలుపు కదిలింది. ఆమె అరుగు మీదికి వచ్చింది.

“నేనే చెప్పినా బావా. ఆ మూల నాకు వదిలెయ్యి.”

తోడికోడలు పెద్దామె లోపలి నుంచి వచ్చి గుంజ పట్టుకోని నిలబడింది. ఆయన నూనెగిన్నె పక్కకు జరిపి, తుండుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

“విత్తనం నేను తెచ్చినాననేది గూడా రాయమ్మా. అది అబద్ధం గాదు గదా.”

కాదు. అక్కడే రాసి చదివినా. ఫోటో సంగతి నేను ఎత్తకముందే, అదెందుకులే ఇంక అన్నారు. లేచి లోపలికి పోయినారు. కోపమో, ఇంకేమో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చినాక వెంకటశేషమ్మక్క పొయ్యి ముందర కూర్చోని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నా. తర్వాత ఇద్దరం కొత్త బియ్యంతో అన్నం తిన్నాం. నిజంగానే మొద్దు అన్నం.

20 ఏప్రిల్

అచ్చయింది. మాస్టారు నా అలంకారాలన్నీ కత్తిరించినారు. కడా మాట మాత్రం అట్లే ఉంది. ఒక కాపీ జయకుమార్ ద్వారా పంపించినా.

11 అక్టోబరు

నెల్లూరు బస్టాండులో జయకుమార్ కనపడినాడు. నార్లు పోసినారా అంటే పోసినారన్నాడు. ఆ మూల ఎవరు పోసినారని అడిగినా.

ఇంకెవరు, పేపరామే అన్నాడు.

పేపర్లో పేరు పడినాక ఊరంతా ఆమెను అట్లే పిలుస్తారంట. పద్మనాభయ్య గారు కూడా. వెంకటశేషమ్మ అని ఎవరూ అనడం లేదంట.