బుధవారం సైరన్

చెల్లాయ్, నేను క్షేమంగానే ఉన్నాను. ముందు ఈ మాట అమ్మ చెవిన వేసి, తర్వాత మిగతాది చదువు. ఫోన్లు కలవడం లేదు, అందుకే కార్డు.

మా అణు కేంద్రంలో ప్రమాదం సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. లోపలున్న మేమూ టీవీలోనే చూశాం. ఇక్కడ ప్రతి బుధవారం పదింటికి సైరన్ పరీక్షిస్తారు. నిన్న బుధవారమే. అది మోగితే, పనివాళ్ల దుస్తులు ఉతికే మా లాండ్రీలో ఎవరూ తలెత్తలేదు. ఎంతకీ ఆగకపోతే మేస్త్రీ, "మీట నొక్కి నిద్రపోయినట్టున్నాడ్రా మహానుభావుడు" అన్నాడు. నవ్వుకుంటూ నలభై జతలు మడతపెట్టాం. టీ తాగుదామని క్యాంటీనుకి వెళ్తే పొయ్యి మీద పాలు మాడుతున్నాయి, మనిషి లేడు. టీవీలో మా గేటు చూపిస్తూ, లోపలివాళ్లందరినీ బయటికి పంపేశారని చెబుతున్నారు. మేం పదకొండుమందిమి నిలబడి విన్నాం. "మరి మనమెవరంరా?" అన్నాడు మేస్త్రీ, మెల్లగా. గేటు దాకా నడిచామో పరిగెత్తామో నాకు గుర్తులేదు.

అక్కడ ఒంటికి రేడియేషన్ కొలిచే మిషను పెట్టి చూసి ఫర్వాలేదన్నారు. నెల తర్వాత మళ్లీ రక్తం చూస్తారట. బట్టలు, చెప్పులు తీసేసుకుని మమ్మల్ని పక్క ఊరి బడిలో ఉంచారు. చిరునామా పైన రాశాను.

అమ్మ బయల్దేరుతానంటే ఆపు, దారులు మూసేశారు. తపాలా బండిని మాత్రం వదులుతున్నారు, బావవి పాత చొక్కాలు రెండు పంపు. ఆవు ఈనిందా? బావకు ఇక్కడ పని చూడమన్నావు, ఇక ఆ మాట ఎత్తకు. పిల్లలకు ఆశీస్సులు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు రక్తం మాట దాటెయ్యి.

అన్నయ్య