రెండెకరాల మక్క, పంతొమ్మిదో అధికరణం

కోటగిరి మండలం,
ఆగస్టు 10

లైసెన్సుల విభాగం అధికారి గారికి రైతు రాజలింగు దండాలు పెట్టి రాసుకునేది.

నా రెండెకరాల మక్కలోకి రోజూ వాళ్లు వచ్చి పడుతున్నారు. కంకులు నమిలి, సగం తొక్కి, బురదలో పొర్లి పోతున్నారు. పంట ఇంటికి చేరేదాకా మా ఇంట్లో వాళ్ల పేరెత్తం. ఎత్తితే పిలిచినట్టే. ఒక తుపాకీకి లైసెన్సు ఇప్పించండి. రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణం ప్రకారం 'ఆయుధాలు లేకుండా' సమావేశం కావచ్చట. అంటే ఒంటరిగా ఉన్నవాడికి ఆయుధం ఉండొచ్చనే కదా.

తమ దయ కోరే,
రాజలింగు

తా.క.: ఇద్దరముంటే సమావేశం అవుతుందని నా భార్య గంగమణిని చేను నుంచి ఇంటికి పంపేశాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

నిజామాబాద్,
ఆగస్టు 22

ఆర్యా,

ఆ అధికరణం సమావేశాల గురించి. మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. చేనులోకి వచ్చే వ్యక్తుల సంఖ్య, తండ్రుల పేర్లు, చిరునామాలు మూడు ప్రతుల్లో పంపగలరు.

ఇట్లు,
లత, సూపరింటెండెంట్

తా.క.: మీ భార్యను చేనుకు రానివ్వండి.

కోటగిరి మండలం,
ఆగస్టు 27

లత మేడం గారికి నమస్కారాలు.

మొత్తం నలభై మంది. తండ్రులెవరో వాళ్లకే తెలియదు. కాలువ గట్టు మీద తుమ్మల్లో ఉంటారు. తల్లులు పిల్లల్ని వెంటేసుకుని వస్తారు, ఎక్కువ పాడుచేసేది పిల్లలే. నలుగురిని కాలిస్తే మిగతావాళ్లు దారి మార్చుకుంటారు. మేడం, అధికరణం మళ్లీ చదివాను. గుంపుగా, పుట్టుకతోనే ఆయుధాలతో వచ్చేది వాళ్లు. తప్పు వాళ్లది, నాది కాదు.

విధేయుడు,
రాజలింగు

తా.క.: గంగమణి వచ్చింది. వాళ్లను తరమడానికి డబ్బా కొట్టి కొట్టి ఇద్దరికీ చెవులు పనిచేయడం లేదు. ఫోను చేయకండి.

నిజామాబాద్,
సెప్టెంబరు 12

ఆర్యా,

తల్లీపిల్లలను కాల్చే ఉద్దేశం మీరే రాసిచ్చారు. మా పై అధికారి ఆదేశంతో ఫైలు పోలీసు విచారణకు వెళ్లింది. ఇంట్లోని కొడవళ్లు స్టేషన్‌లో అప్పగించగలరు.

ఇట్లు,
లత

తా.క.: వాళ్ల ఆయుధాలకు లైసెన్సులున్నాయేమో కనుక్కోమని కూడా పై అధికారి రాశారు.

కోటగిరి మండలం,
సెప్టెంబరు 20

మేడం గారికి,

కొడవళ్లు రెండూ ఇచ్చేశాం. కోయడానికి మక్క కూడా మిగల్లేదు. మొన్న ఒక్కపూటలో అంతా పోయింది. ఎస్సై గారు వచ్చి ఆ నలభై మంది ఎవరని అడిగితే గంగమణి ముందుకొచ్చింది. "పందులు సారు. అడవి పందులు. ఇగ పేరెత్తితే మాకు పోయేదేముంది?" అంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది మేడం.

రాజలింగు

తా.క.: కొడవళ్లన్నా ఇప్పించండి. మిగిలిన దంట్లు బర్రెకు కోసి వేయాలి.

నిజామాబాద్,
అక్టోబరు 3

ఆర్యా,

పంట రక్షణ లైసెన్సుకు చేనులో పంట ఉండాలి. మీకు లేనందున దరఖాస్తు ముగించడమైనది. కొడవళ్లు తిరిగి ఇవ్వమని రాశాం.

ఇట్లు,
లత

తా.క.: ఇది ఫైల్లో లేని మాట. వాళ్లెవరో నాకు మీ మొదటి ఉత్తరానికే తెలిసింది. పై అధికారికి ఒక్క మాట రాస్తే సరిపోయేది. కానీ వర్నిలో మా బాపు బాలన్నది ఎకరం వరి, కోతకు రావాలి. మా ఇంట్లోనూ ఆ పేరెత్తరు. అందుకే 'వ్యక్తులు' అని రాశాను. నిన్న మా వరి కూడా పోయింది. అవి అడవి పందులే రాజలింగన్నా, నన్ను క్షమించండి.