మరియమ్మ ప్రార్థనలో ‘మేము’

ఆదివారం రాత్రి, ప్లెయిన్స్‌బరో

క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లనే రక్షణ అని ఈరోజు తెలిసినవాళ్ళింట్లో జరిగిన ప్రార్థన కూటంలో పాస్టరుగారు చెప్పారు. తర్వాత నా విశ్వాసం గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. “భోజనాలు చల్లారిపోతున్నాయండీ” అని కూర్చున్నాను. అందరూ నవ్వారు.

తిన్నాక గిన్నెలు కడుగుతుంటే మనవరాలు వచ్చి తుడవసాగింది.

“తాతయ్యా, ఇవి హెవెన్ కోసం కడుగుతున్నావా? వర్క్స్ కౌంట్ అవ్వవు అన్నారు కదా పాస్టర్ అంకుల్.”

“కాదమ్మా. ఇక్కడుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని.”

నిజమే చెప్పాను. కానీ అప్పుడే దిగులు పట్టుకుంది. నా భార్య మరియమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రార్థన తనే చేసేది, నేను పక్కన ఆమేన్ అనేవాణ్ణి. నా విశ్వాసమంతా ఆ ఒక్క మాటే. రేపు నేను పోయాక తనున్న చోటికి నన్ను రానిస్తారా?

తిరిగొస్తూ కారులో, అడగకూడదనుకుంటూనే ఆ మాట మనవరాలిని అడిగాను. పిల్ల తిరిగి నన్నే అడిగింది.

“అమ్మమ్మ ప్రేయర్‌లో నేను అనేదా, మేము అనేదా?”

“మేము అనే అనేది. మమ్మల్ని క్షమించు, మమ్మల్ని కాపాడు అని.”

“అయితే నువ్వు కూడా ఉన్నావ్ కదా తాతయ్యా. అది నీ ప్రేయర్ కూడా.”

పాస్టరుగారు దీన్ని ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఇందాక మంచం పక్కన మోకరించి, మొదటిసారి నేనే పైకి మొదలుపెట్టాను. “ప్రభువా, మేము” అన్నాను. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. అయినా దాన్ని నేను అని మార్చబుద్ధి కాలేదు.